గోంగూర మడి నుంచి విశ్వవిద్యాలయం దాకా

కొన్నేళ్ళ క్రితం ఓ వేసవిలో మా పెరట్లో గోంగూర పాలిపోయింది. లేత ఆకుల్లో ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిచి, మిగతా ఆకంతా పసుపు రంగుకి తిరిగింది. మేముండేది కాన్సస్ రాష్ట్రంలో, కాన్సస్ సిటీ శివార్లలో. మే నెల వచ్చిందంటే ఇక్కడి తెలుగు ఇళ్ళల్లో గోంగూర, బెండ, ఆనప విత్తనాల హడావిడి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. నాకు తెలిసిన వైద్యం ఒకటే. దుకాణానికి వెళ్ళి ఎరువు సంచి తెచ్చి చల్లాను. ఆకులు ఇంకా పాలిపోయాయి. మళ్ళీ చల్లాను. మా ఆవిడ “ఆ సంచుల డబ్బుతో ఇండియన్ స్టోర్లో రెండేళ్ళకి సరిపడా గోంగూర వచ్చేది” అంది.

పక్కింటి పెద్దాయన కంచె మీదుగా ఇదంతా చూసి, కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి మట్టి తీసుకెళ్ళి పరీక్ష చేయించమని సలహా ఇచ్చాడు. అలాంటి ఆఫీసు ఒకటుందని అన్నేళ్ళుగా ఇక్కడున్న నాకు తెలియదు. మడిలో పది చోట్ల తవ్వి, మట్టిని కలిపి, ఆరబెట్టి, సంచిలో పోసి ఇచ్చాను. రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. మట్టి పీహెచ్ 7.8, అంటే క్షార గుణం ఎక్కువ. భాస్వరం ఇప్పటికే అవసరానికి మించి ఉంది, ఇంకా వెయ్యొద్దు అని రాశారు. ఫోన్ చేస్తే అక్కడి ఆమె ఓపికగా వివరించింది. మొక్కకి ఇనుము అందటం లేదు. మట్టిలో ఇనుము లేక కాదు. క్షార గుణం ఎక్కువైన మట్టిలో ఇనుము నీళ్ళలో కరగదు, కరగనిది వేరు పీల్చుకోలేదు. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయినట్టన్నమాట. నేను చేసిందేమిటంటే, తాళం తియ్యకుండా గాదె మీద ఇంకా బస్తాలు పేర్చడం! కాస్త గంధకం కలిపితే మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని నెమ్మదిగా ఆమ్లంగా మారుస్తాయని, కొన్ని నెలలు పడుతుందని, చివికిన ఆకుల ఎరువు కూడా మేలు చేస్తుందని చెప్పింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రిపోర్టు మీద ఉన్న పేరు కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ. అదే ఏడాది మా అమ్మాయి కాలేజీల వేటలో ఉంది. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ర్యాంకుల జాబితాలు, ఫీజుల లెక్కలు పరిచి ఉండేవి. ఏ జాబితాలోనూ “పక్కింటి మనిషి గోంగూర మడికి ఈ విశ్వవిద్యాలయం సమాధానం చెప్పగలదా?” అనే గడి లేదు. ఆ గడి ఎందుకు ముఖ్యమో చెప్పడానికే ఈ వ్యాసం.

ముక్కాలి పీట

2015 సెప్టెంబర్లో ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధికి 17 లక్ష్యాలు పెట్టుకుంది. అందులో నాలుగోది నాణ్యమైన విద్య. దాని కింద 4.7 అనే ఉపలక్ష్యం ఉంది. 2030 కల్లా చదువుకునే ప్రతి ఒక్కరికీ సుస్థిర అభివృద్ధికి కావలసిన తెలివి, నైపుణ్యం అందాలని దాని సారాంశం. సుస్థిరం అంటే మరేం లేదు, మన అవసరం మనం తీర్చుకుంటూనే మన పిల్లల గాదె ఖాళీ చెయ్యకపోవడం. మాట కొత్తదే కాని, విశ్వవిద్యాలయానికి ఈ పని అప్పగించడం కొత్త కాదు.

1862 జులై 2న, అంతర్యుద్ధం మధ్యలో, అబ్రహాం లింకన్ మోరిల్ చట్టం మీద సంతకం చేశాడు. కాంగ్రెసులో ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల చొప్పున ప్రతి రాష్ట్రానికీ కేంద్రం భూమి ఇస్తుంది. అది అమ్మగా వచ్చిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కాలేజీ పెట్టాలి. దొరబిడ్డలకి లాటిన్ నేర్పడమే కాలేజీ పని అనుకునే రోజుల్లో ఇది పెద్ద మార్పు. ఈ చట్టం కింద వెలసిన తొలి కాలేజీల్లో ఒకటి 1863లో కాన్సస్‌లోని మాన్‌హాటన్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. న్యూయార్క్‌లోని మాన్‌హాటన్ కాదు సుమా! అదే నేటి కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ.

కాలేజీ పెట్టాక పంతుళ్ళకి ఒక ఇబ్బంది ఎదురైంది. చెప్పడానికి ఇక్కడి నేలకి, వానకి తగ్గ పాఠం లేదు. పుస్తకాలన్నీ ఎక్కడివో. అందుకని 1887లో హాచ్ చట్టం వచ్చి, ప్రతి రాష్ట్రంలో కాలేజీకి అనుబంధంగా పరిశోధనా కేంద్రాలు పెట్టించింది. ఆ తర్వాత ఇంకో ఇబ్బంది. పరిశోధన ఫలితాలు కాలేజీ గోడలు దాటడం లేదు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి, కౌంటీల్లో విశ్వవిద్యాలయం తరఫున విస్తరణ సేవలు ఏర్పాటు చేసింది. నేను మట్టి సంచి పట్టుకెళ్ళిన ఆఫీసు ఆ చట్టం బిడ్డే. బోధన, పరిశోధన, విస్తరణ కలిసి ముక్కాలి పీట అయ్యాయి. ఒక్క కాలు పొట్టిదైనా పీట మీద కూర్చోలేం.

ఈ పీట కింద ఎవరి నేల ఉందో కూడా చెప్పుకోవాలి. ఆ కాలేజీలకి ఇచ్చిన భూమి ఎవరిదీ కాని భూమి కాదు. 2020లో హై కంట్రీ న్యూస్ పత్రిక పాత దస్తావేజులన్నీ వెతికి, దాదాపు 250 ఆదివాసీ తెగల నుంచి తీసుకున్న కోటీ ఏడు లక్షల ఎకరాలు ఈ కాలేజీలకి మూలధనం అయ్యాయని లెక్క తేల్చింది. ఆదివాసీ కాలేజీలకి ఈ వ్యవస్థలో చోటు దొరికింది 1994లో. సుస్థిరత గురించి పాఠం చెప్పే విశ్వవిద్యాలయం మొదట తన పద్దు తానే చదువుకోవాలి.

చేసి చూపడం కాదు, చేయించడం

విస్తరణ వెనక ఒక బోధనా రహస్యం ఉంది. 1903లో సీమన్ నాప్ అనే పెద్దాయన టెక్సస్‌లోని టెరెల్ అనే ఊరికి వెళ్ళాడు. అప్పటికి ప్రభుత్వ ప్రదర్శన క్షేత్రాలు ఉండేవి. రైతులు వచ్చి చూసి, “సర్కారు సొమ్ముతో ఎవరైనా పండిస్తారు” అని వెళ్ళిపోయేవారు. నాప్ పద్ధతి మార్చాడు. ఊళ్ళోనే ఒక రైతు చేత, ఆ రైతు పొలంలోనే, ఆ రైతు చేతులతోనే పంట వేయించాడు. నష్టం వస్తే పూడుస్తామని ఊళ్ళోవాళ్ళు ముందే హామీ ఇచ్చారు. ఆ హామీ సొమ్ము ముట్టుకోవలసిన అవసరమే రాలేదు. విన్నదాన్ని మనిషి అనుమానిస్తాడు, చూసినదాన్ని కూడా అనుమానించవచ్చు, కాని తాను స్వయంగా చేసినదాన్ని ఎలా అనుమానిస్తాడు? నాప్ నమ్మకం ఇదీ. స్మిత్-లీవర్ చట్టానికి పునాది ఈ అనుభవమే.

సరిగ్గా ఇదే మాట శతాబ్దం తర్వాత తరగతి గదిలో అంకెలతో రుజువైంది. 2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం కాలేజీల్లో సైన్సు, ఇంజనీరింగు, లెక్కల బోధన మీద జరిగిన 225 అధ్యయనాలని కలిపి చూసింది. పంతులు చెబుతుంటే పిల్లలు రాసుకునే పద్ధతిలో తప్పినవాళ్ళు నూటికి 33.8. పిల్లల చేత లెక్కలు చేయించి, పక్కవాడితో వాదింపజేసి, తప్పుని అక్కడికక్కడే దిద్దుకోనిచ్చే పద్ధతిలో తప్పినవాళ్ళు 21.8. వంద మంది ఉన్న క్లాసులో పన్నెండు మంది తేడా! వాళ్ళకి తెలివి లేక తప్పలేదు, చేసే అవకాశం లేక తప్పారు.

మాన్‌హాటన్ నుంచి రాజేంద్రనగర్‌కి

కాన్సస్ స్టేట్ పేరు చూశాక నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. తవ్వుకుంటూ వెళితే మన ఊరే తగిలింది.

స్వాతంత్ర్యం రాగానే ఉన్నత విద్య మీద సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948లో వేసిన కమిషన్, మన పల్లెల అవసరాలకి తగ్గ గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలని సిఫారసు చేసింది. 1960లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం సాయంతో పంత్‌నగర్‌లో ముక్కాలి పీట పద్ధతిలో తొలి వ్యవసాయ విశ్వవిద్యాలయం వచ్చింది. 1964 జూన్‌లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అమెరికా ప్రభుత్వ సహాయ కార్యక్రమం కింద దానికి చెయ్యందించింది కాన్సస్ స్టేటే. మాన్‌హాటన్ పంతుళ్ళు రాజేంద్రనగర్ వచ్చి పాఠ్యప్రణాళికలు కూర్చారు, ఇక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళి చదువుకొచ్చారు. 1996లో దానికి ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్రం విడిపోయాక రాజేంద్రనగర్ ప్రొఫెసర్ జయశంకర్ పేరిట తెలంగాణకి, రంగా విశ్వవిద్యాలయం గుంటూరు దగ్గర లాంకి వెళ్ళాయి.

దీని ఫలితం మన కంచంలోనే ఉంది. బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి 1986లో బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, విడుదలైంది. మా ఊరు బాపట్లకి దగ్గరే. మా నాన్న దాన్ని పండించాడు. ఆ బియ్యమే ఇక్కడ సోనా మసూరి పక్కన బస్తాల్లో కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. సన్న గింజ, మంచి రుచి, కాని ఎండాకు తెగులుకి ఇట్టే లొంగిపోయేది. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధనా సంచాలనాలయం కలిసి, తెగులుని తట్టుకునే మూడు జన్యువులని సాంబ మసూరిలోకి తెచ్చాయి. ఇది బయటి జీవి జన్యువుని చొప్పించడం కాదు. మామూలు సంకరమే. కాని ప్రతి తరంలో ఏ మొక్కకి ఆ మూడూ వచ్చాయో తెగులు సోకేదాకా ఆగకుండా, డీఎన్ఏ గుర్తులు చూసి ఏరుకున్నారు. మెరుగుపరచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. పీటకి రెండో కాలు, పరిశోధన, గట్టిదే.

పొట్టి కాలు

మూడో కాలు మాత్రం పొట్టిదైపోయింది. అమెరికాలో విస్తరణ పని విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. మన దగ్గర ఆ పనిలో ఎక్కువ భాగం రాష్ట్ర వ్యవసాయ శాఖది. విశ్వవిద్యాలయం శిక్షణ ఇస్తుంది, సలహా ఇస్తుంది, కాని ప్రతి ఊళ్ళో దాని మనిషి ఉండడు. మధ్యలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీలో పురుగుమందుల కొట్టు వెలిసింది.

మా బాబాయి పర్చూరు వైపు నల్లరేగడి కౌలుకి తీసుకుని పత్తి వేశాడు. 1987. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులకి ఏం జరిగిందో ఆ వైపు వాళ్ళెవరూ మర్చిపోరు. కొట్టు ఆయన ఇచ్చిన మందు కొట్టారు. పురుగు చావలేదు. ఎక్కువ మోతాదు కొట్టారు. తెల్లదోమ, శనగపచ్చ పురుగు ఇంకా పెరిగాయి. కారణం ఇప్పుడు ఎవరైనా చెబుతారు. మందు ముందుగా చంపింది పురుగుని తినే సాలీళ్ళని, అక్షింతల పురుగులని. కొట్టగా కొట్టగా మందుని తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి పిల్లలే పొలమంతా నిండాయి. నా గోంగూర మడి కథే, కాని అక్కడ పోయింది ఆకుకూర కాదు. అప్పులపాలై ఆ జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా బాబాయి ప్రాణం దక్కింది, పొలం దక్కలేదు. ఆ తర్వాత ఆయన హైదరాబాదులో వాచ్‌మన్‌గా పనిచేశాడు. సమాధానం తెలిసిన శాస్త్రవేత్తలు లాం ఫారంలో ఉన్నారు. మా బాబాయి పొలం నుంచి అక్కడికి బస్సులో రెండు గంటలు. ఆ రెండు గంటల దూరం దాటే మనిషి లేకపోయాడు.

ఇది ఒక్క కుటుంబం గోడు కాదు. 2003లో జాతీయ నమూనా సర్వే దేశమంతటా రైతులని అడిగింది, కొత్త పద్ధతుల గురించి మీకెవరు చెబుతారని. 60 శాతం మందికి ఎవరూ చెప్పడం లేదు. విస్తరణ ఉద్యోగి ద్వారా తెలిసినవాళ్ళు 5.7 శాతం. విత్తనాలు, మందులు అమ్మేవాళ్ళ ద్వారా తెలిసినవాళ్ళు 13.1 శాతం. అమ్మేవాడే గురువైతే పాఠం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

ప్రయత్నాలు లేవని కాదు. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఈ ఖాళీ పూడ్చడానికి వచ్చినవే. నాకు అన్నిటికన్నా నచ్చింది గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాది పిల్లలు పల్లెలో మకాం పెట్టి, ఒక్కో రైతుకి జోడీగా ఉండి, నాటు నుంచి నూర్పిడి దాకా వెంట నడుస్తారు. మొదటి వారం రైతు పిల్లవాడికి నేర్పుతాడు. అక్కడే ఉంది కిటుకు. నేర్పడం రెండు వైపులా సాగినప్పుడే చదువు నిలుస్తుంది.

పరీక్షకి ముందు రోజు రాత్రి

దీనికి పూర్తి భిన్నమైన దృశ్యం ఒకటి. పర్యావరణ విద్య అన్ని స్థాయుల్లో ఉండాలని 1991లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పర్యావరణ పాఠం తప్పనిసరి చేసింది. ఆ పాఠ్యప్రణాళిక చదివి చూడండి, చక్కగా ఉంటుంది. నూటికి 25 మార్కులు క్షేత్ర పర్యటనకి. దగ్గర్లోని చెరువో, కొండో, కాలుష్యంతో పాడైన చోటో చూసి, చూసింది రాయాలి. మా అన్నయ్య కొడుకు ఆ పరీక్ష ఎలా పాసయ్యాడో అడిగాను. ముందు రోజు రాత్రి గైడు చదివాడట. మరి క్షేత్ర పర్యటన? సీనియర్ రికార్డు చూసి రాశాడట. కాలేజీ గేటు ఎదురుగా పూడిపోతున్న చెరువు ఉంది. దాని పేరు వాడికి తెలియదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. పాఠం పేరులో పర్యావరణం ఉంటే చాలదు. నాప్ ఆ కాలేజీకి వస్తే గైడు లాక్కుని, చేతికి ఒక కొలబద్ద ఇచ్చి చెరువులోకి దింపేవాడు.

కొలవడం నేర్పితే ఏమవుతుంది?

పశ్చిమ కాన్సస్‌లో మొక్కజొన్న పండేది భూమి అడుగున ఉన్న ఒగలాలా జలాశయం మీద. అక్కడ వాన తక్కువ, తోడేది ఎక్కువ. ఏటా నీటిమట్టం పడిపోతోంది. 2013లో షెరిడన్, థామస్ కౌంటీల్లో ఒక చిన్న ప్రాంతపు రైతులు కూర్చుని, నీటి వాడకం 20 శాతం తగ్గించుకుంటామని నిర్ణయించుకున్నారు. ఐదేళ్ళకి కలిపి ఎకరానికి 55 అంగుళాల నీరు, ఏ ఏడు ఎంత వాడుకోవాలో వాళ్ళిష్టం. రాష్ట్రం దానికి చట్టబద్ధత ఇచ్చింది. కాన్సస్ స్టేట్ ఆర్థికవేత్తలు ఈ రైతుల లెక్కల్ని, ఆ హద్దుకి బయటున్న పక్క రైతుల లెక్కల్ని ఏటా పక్కపక్కన పెట్టి చూశారు. దిగుబడి కొంచెమే తగ్గింది. విత్తనం, ఎరువు, తోడే ఖర్చు కూడా తగ్గడంతో చేతికొచ్చే డబ్బు తగ్గలేదు. ఐదేళ్ళు నిండాక రైతులు ఒప్పందం పొడిగించుకున్నారు.

మన దగ్గర ఇలాంటిది అంతకు ముందే జరిగింది. 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో, అనంతపురం, మహబూబ్‌నగర్, ప్రకాశం వంటి ఏడు కరువు జిల్లాల్లో రైతులకే వానమాపకం, బావిలో నీటిమట్టం కొలిచే పరికరం ఇచ్చి నేర్పారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని లెక్క కట్టేది: భూమిలో ఇంత నీరుంది, అందరం వరి వేస్తే ఇంత కావాలి, చాలదు. ఎవరూ ఎవరినీ వరి వెయ్యొద్దనలేదు. లెక్క తామే కట్టారు కాబట్టి చాలామంది తామే ఆరుతడి పంటలకి మళ్ళారు. పెద్దగా చదువుకోని ఆడవాళ్ళు భూగర్భజలం గురించి సభలో వివరించారు. అదీ నాణ్యమైన విద్య. డిగ్రీ కాగితం లేకపోతే పోయింది.

ఏం అడగాలి?

మా అమ్మాయి కాలేజీలు చూడటానికి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు రాసిచ్చాను. మొదటి ఏడాది క్లాసుల్లో పిల్లలు వింటారా, చేస్తారా? ఇక్కడి పరిశోధనలో ఈ చుట్టుపక్కల మనుషుల సమస్య ఏదైనా ఉందా? ఇక్కడ చదవని మనిషి ఏదైనా అడగడానికి వస్తే ఏ తలుపు తట్టాలి? రెండు చోట్ల టూర్ ఇచ్చే పిల్లలు మూడో ప్రశ్నకి తెల్లమొహం వేశారట. మీ పిల్లలు కాలేజీ చూడటానికి వెళితే మీరూ అడగమనండి. మీ ఊళ్ళో మీరు చదివిన కాలేజీకి చందా పంపేటప్పుడు కూడా అడగండి. కొత్త భవనానికో, గేటుకో బదులు, ఒక మట్టి పరీక్ష పరికరానికో, పిల్లలు పల్లెలో ఉండే ఖర్చుకో ఆ డబ్బు ఇవ్వచ్చు. శిలాఫలకం మీద పేరు రాకపోవచ్చు, అంతే.

గంధకం వేసిన మర్నాటి ఏడు గోంగూర బాగానే వచ్చింది. బాబాయి ఇప్పుడు లేడు. ఆ రిపోర్టు కాగితం మాత్రం పారెయ్యలేదు. మొత్తం ఒక పేజీ. అలాంటి పేజీ ఒకటి 1987లో పర్చూరు దాకా రావలసింది.